తండ్రి నీడ - తనయుని మేళము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



అన్నియెడల జయమునే కోరదగిన పురుషుడు పుత్రునివలన మాత్రము పరాజయమును కోరవలెనని పెద్దల మాట. వినుటకు ఇంపైనదే, ఆచరణమునకు వచ్చునప్పుడు కత్తిమీది సాము. యాగాశ్వము వెంట మణిపురమునకు పోయిన అర్జునుడు, వినయముతో ఎదురువచ్చిన బభ్రువాహనుని మెచ్చుకొనలేదు. క్షత్రియధర్మము విడిచితివని నిందించెను. అంతట కొడుకు విల్లందుకొని తండ్రిని నేలగూల్చెను. అడిగి ఓటమి తెచ్చుకొన్న తండ్రి యాతడు. అందుకు విరుద్ధమైన కథ యొకటి ఐరోపాఖండమున వియన్నా నగరమందు జరిగినది. అది ఆయుధముల పోరు కాదు, రెండు సంగీతమేళముల పోరు.

తండ్రి పేరు యోహాన్ స్ట్రౌస్. 1804లో పూటకూళ్లవాని యింట జన్మించెను. పసితనముననే తల్లి పోయెను. పండ్రెండేండ్లకు తండ్రి డాన్యూబు నదిలో మునిగి మరణించెను. పుస్తకములకు అట్టలుకట్టు పనిలో చేర్చబడియు ఫిడేలు విడువక, యోసెఫ్ లానర్ అను విద్వాంసుని మేళమున వాయించి, 1825లో తన సొంత మేళమును కూర్చుకొనెను. ఆనాటి వియన్నాలో వాల్ట్జు అను నృత్యము ప్రబలముగా నుండెను. మన లెక్కకు అది మూడు మాత్రల తిశ్రగతి. తొలిమాత్రమీద ఊత, తక్కిన రెండింటిమీద తేలిక. ఆ గతిని స్ట్రౌస్ ఎంత మోహనముగా నడిపెనన్న, ఆయన కీర్తి దేశములు దాటిపోయెను. 1838లో విక్టోరియా రాణి పట్టాభిషేక సమయమున ఇంగ్లండులోను ఆయన మేళము మ్రోగెను.

1825 అక్టోబరు 25న పుట్టిన పెద్దకుమారునకు తండ్రి తన పేరే పెట్టెను గాని తన వృత్తి నిచ్చుటకు ఇచ్చగింపడాయెను. కొడుకు బ్యాంకులో గుమాస్తా కావలెనని ఆయన పట్టుదల. పద్దులు వ్రాయుట నింద్యమని కాదు. ఏ చేతికి ఏ పని పుట్టినదో ఆ చేతికి ఆ పని దక్కవలెను. బాలుడు తండ్రి మేళమందలి ఫిడేలు విద్వాంసునివద్దనే రహస్యముగా అభ్యసించుచుండెను. అది తెలిసి తండ్రి కొరడా నందుకొనెనని ప్రసిద్ధి. కొంతకాలమునకు ఆయన భార్యాబిడ్డలను విడిచి వేరొక స్త్రీతో కాపురము పెట్టెను. దిక్కులేనిదైన ఆ యింట తల్లి ఆన్నా ధైర్యము వహించి కుమారుని సంగీతమునకే అంకితము చేసెను. పతి మూసిన తలుపును ఆ యిల్లాలు తెరచెను.

పద్దెనిమిదేండ్ల యువకుడు తనవంటి పిన్నవాండ్రను ప్రోగుచేసి మేళము కట్టెను. బహిరంగముగ వాయించుటకు అధికారుల అనుమతి కావలెను. 1844 జూలైలో అర్జీ పెట్టి సంపాదించెను. అంతకంటె కష్టమైనది చోటు. నగరమందలి నృత్యశాలల యజమానులు తండ్రి కోపమునకు వెఱచి వెనుదీసిరి. తుదకు హీట్సింగునందలి డొమ్మాయర్ శాల లభించెను. 1844 అక్టోబరు 15 సాయంకాలమున, పందొమ్మిదవ జన్మదినము ఇంకను పదిదినములుండగా, బాలుడు ఫిడేలు చేతబట్టి జనసమ్మర్దము నెదుట నిలిచెను.

తండ్రి అభిమానులు లోపమునకై వేచియుండిరి. తక్కినవారు వింత చూడవచ్చిరి. కుమారుడు తన రచనల నొకటొకటిగ వినిపించెను. ఒక వాల్ట్జును జనులు వదలక పందొమ్మిదిమారులు మరల వాయింపించిరని ప్రతీతి. సభ వశమైనది. గర్వించుటకు అదే సమయము. అప్పుడా యువకుడు చేసినదేమి? తన తండ్రి రచించిన లోరెలై వాల్ట్జు నెత్తుకొని భక్తితో వాయించెను. వలదన్న తండ్రికి కొడుకిచ్చిన సమాధానము తండ్రి పాటయే. రామకథను రాముని సభయందే పాడిన కుశలవుల చందమున, తండ్రి కీర్తిని తన గెలుపునందు నిలిపెను. మరునాటికి వియన్నాలో ఇరువురు స్ట్రౌసులైరి. ఒక విమర్శకుడు లానరునకు శుభరాత్రియు, తండ్రికి శుభసాయంకాలమును, తనయునకు సుప్రభాతమును పలికెను. లానర్ 1843లోనే గతించియుండెను గనుక ఆ మాటలోని కాలజ్ఞానము గ్రహింపదగినది.

ఐనను నీడ తొలగలేదు. గొప్ప కొలువులు, గొప్ప సభలు తండ్రివే. 1848 విప్లవమున తండ్రి సేనాపతి రాడెట్స్కీ పేర కవాతుపాట కట్టెను; కుమారుడు విప్లవకారుల పక్షమున ఫ్రెంచి విప్లవగీతము వాయించి పోలీసు విచారణకు లోనయ్యెను. మరుసటి యేట, 1849 సెప్టెంబరు 25న, తండ్రి నలుబదియైదవ యేట విషజ్వరమున గతించెను. ఆయన మేళమువారు కొంత సంకోచించియు కుమారుని నాయకునిగా అంగీకరించిరి. రెండు మేళములును ఒకటయ్యెను. విప్లవమునాటి మచ్చ కారణముగ, ఆస్థాన నృత్యసంగీత నాయకత్వము ఆయనకు 1863 వరకు దక్కలేదు. 1867లో నీల డాన్యూబు వాల్ట్జు వెలసెను. తాతను మ్రింగిన నదిని మనుమడు లోకమెల్ల పాడుకొను పాటగా మార్చెను.

తండ్రియందు లేని గుణమొకటి కుమారునందు కలదు. 1853లో అలసటచే రోగగ్రస్తుడైనపుడు, యంత్రశాస్త్రము చదివిన తమ్ముడు యోసెఫును బ్రతిమాలి మేళమును అప్పగించెను. తమ్ముడు తొలి రచనకే తొలివియు తుదివియునని పేరుపెట్టెను; కాని విద్య వానిని విడువలేదు. ప్రతిభయందు యోసెఫే అధికుడు, జనాదరణ మాత్రమే తనదని అన్న చెప్పెనని ప్రసిద్ధి. యోసెఫ్ 1870లో నలుబదిరెండేండ్లకే మరణించెను. మూడవవాడైన ఎడువర్డు 1901 వరకు మేళమును నడిపి, 1907లో అందలి వ్రాతప్రతులను రాసులుగా కొలిమిలో కాల్పించెను. పుస్తకమును ప్రాణముగ జూచు ఈ మందిరమున ఆ మాట చెప్పుటకే నోరు రాదు. రెండు దశాబ్దములకు పైగా తండ్రి కట్టినది, కొడుకులు పెంచినది, బూడిదయయ్యెను. అచ్చుపడి ఊరూర చేరిన ప్రతులే మిగిలినవి.

నేటికిని ప్రతివర్షము జనవరి 1న వియన్నా ఫిల్హార్మోనిక్ మేళమువారు సంవత్సరాది కచేరీని ముగించునప్పుడు, కుమారుని డాన్యూబు పాటను వాయించి, వెంటనే తండ్రి రాడెట్స్కీ కవాతును వాయించుట ఆనవాయితీ. బ్రతికియుండగా ఒక సభయందు కలిసి నిలువజాలనివారు ఆ దినమున ఒకరివెంట నొకరు వత్తురు. ముందు కొడుకు, వెనుక తండ్రి. శ్రోతలు చప్పట్లతో తాళము వేయుదురు.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు తొలి బీరువా తెచ్చిన చేతులు నేడు వణకుచున్నవి. తాళపుచెవులు పిన్నల చేతికి పోవలసిన కాలము వచ్చినది. వారు పుస్తకములను మరొక వరుసగా సర్దుదురు. పెద్దలెరుగని గ్రంథములు తెప్పింతురు. తాళపుచెవి నిచ్చు పెద్ద దానిని గట్టిగ పట్టుకొనరాదు. పుచ్చుకొను పిన్న పాతదానిని కొలిమిపాలు చేయరాదు. అట్లు జరిగిననాడు ఓడినవారెవ్వరును ఉండరు.

స్వస్తి.