సెల్ఫ్ తిరగట్లేదా? బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ చూడండి

ఇవాళ మైపాడు దగ్గర, మా బాబాయ్ రొయ్యల గుంట గట్టు మీద ఉన్నాను. నా వెనక ఉన్నది ఆయన పాత డీజిల్ పికప్. ఫీడ్ బస్తాలు తేవాలన్నా, పట్టుబడి రోజు ఐసూ ట్రేలూ మోయాలన్నా ఇదే బండి.

దీనికి ఒకటే జబ్బు. కీ తిప్పితే "టక్" అంటుంది, సెల్ఫ్ తిరగదు. నలుగురు నెడితే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ పోయిందని ఎవరో చెప్తే, పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి 7,000 పెట్టి కొత్తది వేయించాడు. నాలుగు రోజులు బాగుంది. మళ్ళీ టక్. ఈసారి సెల్ఫ్ మోటార్ మార్చాలన్నారు. రెండు రోజుల్లో పట్టుబడి. బాబాయ్ ఫోన్ చేసి, "అబ్బయ్యా, ఇంకో ఆరు వేలంట. ఏం చేద్దాం?" అన్నాడు.

"ఆగు బాబాయ్, ఏదీ కొనొద్దు. నేనొచ్చి కొలుస్తా" అన్నాను.

కోడ్‌లో బగ్ వస్తే లాగ్ చూడకుండా సర్వర్ మార్చేయం కదా. బండికీ అంతే. నా దగ్గరున్నది 400 రూపాయల మల్టీమీటర్.

ముందు బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేశాం. హెడ్‌లైట్లు ఆన్ చేసి బాబాయ్‌ని సెల్ఫ్ కొట్టమన్నాను. లైట్లు బాగా డిమ్ అయిపోతే బ్యాటరీనో, దాని టెర్మినల్సో అనుమానించాలి. ఇక్కడ దాదాపు తగ్గలేదు. అంటే బ్యాటరీలో కరెంట్ ఉంది, సెల్ఫ్‌కి సరిగా చేరట్లేదు.

తర్వాత మీటర్ డీసీ 20 వోల్ట్స్‌లో పెట్టాను. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6. అంటే ఫుల్ ఛార్జ్. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 11.4. ఇక్కడ 9.6 కంటే కింద పడితే బ్యాటరీ మీద డౌట్ పడాలి. మనది పడలేదు.

ఇప్పుడు అసలు టెస్ట్, వోల్టేజ్ డ్రాప్. మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రమైన ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. 0.5 దాటకూడదు. ఇక్కడ 3.1 వచ్చింది! దొంగ ఎర్త్ సైడ్ ఉన్నాడు. ముక్కలుగా చూశాను. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి 0.2. ఛాసిస్ నుంచి ఇంజిన్‌కి 2.9. ఆ మధ్యలో ఉన్నది ఒకే ఒక్క ఎర్త్ పట్టీ.

విప్పి చూస్తే రాగి అంతా పచ్చగా పొడి, బోల్టు కింద తుప్పు. సముద్రపు గాలి ఒకటి, రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పు నీళ్ళు ఇంకొకటి. రాగి, ఇనుము కలిసిన చోట ఉప్పు నీరు చేరితే తుప్పు ఇంకా త్వరగా వస్తుంది.

మరి లైట్లు ఎలా వెలిగాయి? వాటి కరెంట్ ఛాసిస్ నుంచి బ్యాటరీకి వెళ్తుంది, ఈ పట్టీ మీదుగా కాదు. పైగా లైటు తీసుకునేది 5 ఆంపియర్లే. సెల్ఫ్‌కి 200 అనుకోండి. 0.015 ఓమ్ అడ్డు ఉంటే చాలు, సెల్ఫ్ దగ్గర 3 వోల్టులు పోతాయి. మీటర్ బీప్ మోడ్‌లో పెడితే ఇదే పట్టీ "బాగుంది" అని కూస్తుంది. అందుకే లోడ్ మీద కొలవాలి.

బ్యాటరీ నెగెటివ్ ముందు తీసి, కొత్త పట్టీ తెచ్చి, రెండు చివర్లా ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాం. నెగెటివ్ చివర్లో పెట్టాం. పట్టీ ఖర్చు 250. మళ్ళీ కొలిస్తే 0.2. బాబాయ్ కీ తిప్పగానే ఇంజిన్ అందుకుంది.

మీ బండిలో ఎర్త్ బాగుంటే, ఇదే టెస్ట్ బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా చేయండి. కీ తిప్పినప్పుడు సెల్ఫ్‌కి వెళ్ళే సన్న వైరులో వోల్టేజ్ రాకపోతే కీ స్విచ్, ఫ్యూజు, రిలే చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తిరగకపోతే, అప్పుడు సెల్ఫ్ మోటార్ విప్పించండి.

పట్టుబడి రోజు తెల్లారుజామున 4 గంటలకి ఒక్క కీకే స్టార్ట్ అయింది. ఐస్ కరగకముందే సరుకు వెళ్ళిపోయింది. బాబాయ్ మాత్రం, "మరి నా పాత బ్యాటరీ బాగున్నట్టేనా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు దాన్ని ఎవరూ కొలవలా.

కొలిచాకే కొనండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.