మాలపిల్ల వేషం ఎవరు కట్టారు?



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారికి నాటకమంటే ప్రాణం. మన ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే కాబట్టి, రంగస్థల నటుడు బళ్లారి రాఘవను ఆయన మనవాడనే చెప్పేవారు. ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని రాఘవ పట్టుబట్టారు. స్థానం నరసింహారావు చీర కట్టి రంగస్థలాన్ని ఏలుతున్న రోజుల్లో ఆ మాట అనడానికి గుండె కావాలి. కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలు రాఘవతో కలిసి నటించారు.

సినిమాలోనూ మొదట అదే గొడవ. 1913లో ఫాల్కే తీసిన 'రాజా హరిశ్చంద్ర'లో హరిశ్చంద్రుడి భార్య తారామతిగా నటించింది మగవాడే. తెలుగు టాకీ వచ్చేసరికి, 1932లో 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా సురభి కమలాబాయి కనిపించింది. సొంత నాటక సమాజం నడిపి మగవేషాలు కూడా కట్టిన దాసరి కోటిరత్నం తర్వాత తెరకెక్కింది. వీళ్లంతా నాటకాలవాళ్లన్న చిన్నచూపును భరించి వచ్చినవాళ్లు. తర్వాతి తారలు నడిచిన దారి వీళ్లు వేసిందే.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి, డబ్బు చల్లపల్లి జమీందారుది. గుళ్లోకి రానివ్వని వాడకు చెందిన అమ్మాయిని పూజారి కొడుకు ప్రేమిస్తాడు. అంతటి కథను ఆ రోజుల్లో తెరమీద పెట్టడం సామాన్యం కాదు. ఆ సాహసానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అయినా ఆ పిల్లగా నటించింది కాంచనమాల. ఆ వాడలో పుట్టిన పిల్ల కాదు. వాడ కథ తెరకెక్కింది గానీ, వాడ మనిషి ఎక్కలేదు.

అదే 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టారు. కండెలు చుట్టే ఆడవాళ్ల చేయి పడనిదే మగ్గం ఆడదని ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అయినా నేసినవాడంటే మనకు గుర్తొచ్చేది మగ్గం గుంతలో కూర్చున్నవాడే. సినిమాలోనూ అలాగే, కథ ఎవరిదో వాళ్లు కనబడకుండా పోయారు.

హాలీవుడ్‌లో ఇలాంటి అడ్డుగోడను కాగితం మీదే రాసుకున్నారు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ప్రేమ చూపరాదన్న నియమావళి 1930లో పుట్టి, 1934 నుంచి గట్టిగా అమలైంది. వేషాల ఎంపికలోనూ అదే తీరు. 1937 నాటి 'ది గుడ్ ఎర్త్' చైనా రైతుల కథ. లాస్ ఏంజెలస్‌లో చైనా కుటుంబంలో పుట్టిన అన్నా మే వాంగ్ ఉండగానే, ఆ రైతు భార్య వేషం తెల్లజాతి నటి లూయిస్ రైనర్‌కు దక్కింది. ఆస్కారూ ఆమెకే వచ్చింది. మనకు అలాంటి రాతకోతలు అక్కర్లేకపోయాయి. కులం ఉండగా కాగితమెందుకు?

మలయాళంలో 'మాలపిల్ల'కు తలకిందులుగా జరిగింది. అక్కడి తొలి మూగచిత్రం 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత యువతి నాయర్ అమ్మాయిగా నటించింది. జనం కోపంతో తెరమీద రాళ్లు రువ్వారు. ఆమె ఊరు విడిచి తమిళ దేశం వెళ్లిపోయింది, మళ్లీ ఏ సినిమాలోనూ నటించలేదు. ఆ చిత్రం రీలు ఒక్కటీ మిగల్లేదు.