వేసవిలో పూలతోట



వేసవి తోటలకు కష్టకాలమని లోకమున నొక వాడుక కలదు. అది సగము మాత్రమే నిజము. అమరసింహుడు తన కోశమున మల్లెకు చెప్పిన పేర్లలో ‘శీతభీరువు’ అనునది యొకటి. చలికి భయపడునది యని దాని యర్థము. ఏ యెండకు గులాబి వాడునో, ఆ యెండకే మల్లె విరియబూచును. ఈ భేదము నెఱిగి నడచుకొనుటయే వేసవితోట మర్మము.

సికిందరాబాదులోని మారేడ్‌పల్లిలో మా యింటి ముంగిట 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల నేల యున్నది. అందు బొండుమల్లెలు నాలుగు, మందారములు రెండు, నందివర్ధన మొకటి, గోడ ప్రక్కన కుండీలలో గులాబులు కలవు. ఉద్యోగము విరమించిన పిదప నాకు మిగిలిన తరగతి యిదియే.

మల్లెపూల పని పుష్యమాసముననే మొదలిడవలెను. కొన్నాళ్లు నీరు మానిపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, పిదప పశువులయెరువు వేసి నీరు పెట్టినచో క్రొత్త చిగుళ్లు బయలుదేరును. వాని కొనలయందే మొగ్గలు పుట్టును. సాయంకాలము తెల్లబడిన మొగ్గలను కోసి తడిగుడ్డలో నుంచిన, రాత్రికి విచ్చి యిల్లంతయు పరిమళించును. మా మనుమరాలు మాలలు కట్టి యిరుగుపొరుగులకు పంచిపెట్టును.

ఇక కష్టముల మాట. మాకు సమీపముననే యున్న బేగంపేటలో 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీల వేడిమి నమోదయినది. అంత కాకున్నను మే నెలలో 40 డిగ్రీలు దాటుట పరిపాటి. నిరుడు వైశాఖమున నొకనాడు వడగండ్లు పడి, మొగ్గమీదనున్న మల్లెకొమ్మలను విఱిచినవి. మిగిలిన మొగ్గలను పురుగు తొలిచినది. తొలిచిన మొగ్గ ఊదారంగునకు తిరిగి విచ్చకయే రాలును. అట్టివానిని ఏరి పాతిపెట్టితిమి. మందారమునకు పిండినల్లి పట్టగా కుంకుడురసము చల్లి వదల్చితిమి. ప్రక్కనుండిన పెంకుటిల్లు పోయి అయిదంతస్తుల భవనము లేచినది. దాని గోడ పగలు త్రాగిన వేడిని రాత్రియంతయు మాపై విడుచుచుండును. ఆ వేడికి గులాబులు రెండు మాడిపోయినవి.

వీని యన్నిటికంటె పెద్ద చిక్కు నీటిది. మా వీధికి కుళాయినీరు దినము విడిచి దినము వచ్చును. 2004 మొదలు ఈ జంటనగరములకు 100 కిలోమీటరులకు మించిన దూరమునుండి కృష్ణాజలము గొట్టములలో వచ్చుచున్నది. అంత దూరము వచ్చిన మంచినీటిని పూలపాలు చేయుట న్యాయమా యని మా గృహిణి యడుగును. త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అందుకు మే మేర్పఱచుకొన్న సమాధాన మిది: బియ్యము, కూరలు కడిగిన నీరే తోటకు. దానిని తొట్టిలో పట్టి, ప్రొద్దుగ్రుంకిన తరువాత పోయుచున్నాము. మొదళ్లలో ఎండిన వేపాకు బెత్తెడు మందమున పఱచినందున తడి త్వరగా నాఱదు. ఆ నీరు మల్లెలకు, మందారములకు సరిపోయినది. గులాబులకు చాలలేదు. మాడినవాని తావున ఈ యేడు మల్లెయంట్లనే నాటితిమి.

చోటును నీరును కొఱతగా నున్న పట్టణవాసి వేసవితో పోరాడి గెలువజాలడు. ఈ యెండను కోరి పూచు మొక్క యేదో తెలిసికొని, ఉన్న నీటిని దానికి పోసినచో, గుప్పెడు నేలయైనను నాలుగిండ్లకు పూలు పంచును.