దర్బారు మాట, మర్రిచెట్టు మాట

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా చిక్కడపల్లిలో పాత సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సంఘంలో మనం ఎలా మాట్లాడుకుంటున్నాం అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కమిటీ మాకు అప్పగించింది. మనలో చాలామందిమి ఈ నగరానికి ఒక్క బ్యాగుతో దిగినవాళ్లమే. అశోక్‌నగర్‌లో కోచింగ్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువు, నారాయణగూడలో హాస్టల్. ఉట్నూరు గోండు, భద్రాచలం వైపు కోయ, దేవరకొండ తండా నుంచి వచ్చిన లంబాడా, మన్ననూరు చెంచు ఒకే గదికి అద్దె పంచుకుంటారు. ఊళ్లో ఉంటే వీళ్లు ఒకరికొకరు ఎదురుపడేవాళ్లే కాదు. అయితే ఒకే గదిలో పడుకోవడం వేరు, ఒకరి మాట ఒకరు నమ్మడం వేరు.

కేస్లాపూర్ నాగోబా జాతర చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అక్కడ రెండు రకాల మాటలు నడుస్తాయి. ఒకటి దర్బారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. అధికారులే ఆదివాసుల దగ్గరికి వచ్చి ఫిర్యాదులు వినాలని ఆయన ఆ దశాబ్దంలోనే జాతరలో దర్బారు పెట్టించారు. అది ఇవాళ్టికీ సాగుతోంది. దాని విలువ దానికుంది. కానీ అది అర్జీ మాట. కింది నుంచి పైకి పోతుంది, జవాబు పై నుంచి రావాలి.

రెండోది మెస్రం వంశస్థుల మాట. జాతరకు ముందు వాళ్లంతా కూర్చుని, గోదావరి నీళ్ల కోసం ఏ దారిన నడవాలి, ఏ ఊళ్లలో ఆగాలి అని తేల్చుకుంటారు. నీళ్లు తెచ్చాక మర్రిచెట్టు కింద బస చేస్తారు. అక్కడ ఎవరూ ఎవరికీ అర్జీ పెట్టుకోరు. దారి తేల్చినవాళ్లే ఆ దారిన కాళ్లు అరిగేలా నడవాలి కాబట్టి, ప్రతి మాటకూ బరువుంటుంది.

నగరానికి వచ్చిన మన సంఘాలు దర్బారును బాగా నేర్చుకున్నాయి. వేదిక, మైకు, ముఖ్య అతిథి, శాలువా. (శాలువాల ఖర్చు కోశాధికారి గారు చదువుతారు, జాగ్రత్తగా వినండి.) మర్రిచెట్టు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. తండాల్లోనూ నాయక్ ఒక్కడే తీర్పు చెప్పడు, కార్భారి, పెద్దలు నసాబులో కూర్చుంటారు. అలాగని పాత పద్ధతినంతా నెత్తిన పెట్టుకోమని మేము అనడం లేదు. ఆ కూర్చోవడాల్లో ఆడవాళ్ల గొంతు వినపడింది చాలా తక్కువ.

2017 చలికాలం మీకు గుర్తుంది. ఆదిలాబాద్‌లో ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య గొడవలు ముదిరాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చిన నాటి నుంచీ ఉన్న ప్రశ్న అది. మన వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు నిప్పులు, మూడో రోజు నుంచి మౌనం. నిప్పులకంటే ఆ మౌనమే భయపెట్టింది. ఒకే గదిలో ఉన్న ఇద్దరు వేర్వేరుగా వండుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ డాబా మీద చాపలు పరిచి కూర్చున్నాం. ఫోన్లన్నీ ఒక బకెట్‌లో వేశాం. చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి. ఎవరి భాషలో వాళ్లు చెప్పొచ్చు, పక్కనున్నవాళ్లు తెలుగులో అందిస్తారు. అందరి వంతూ అయ్యేదాకా ఎవరికీ జవాబు చెప్పకూడదు. ఈ చివరిది అన్నిటికన్నా కష్టమైంది, పని చేసిందీ అదే. జవాబు చెప్పే వీలు లేనప్పుడు వినక తప్పదు.

ఉట్నూరు వైపు తమ్ముడు తన ఊరి పేరు చెప్పి, అక్కడ ఉద్యోగం ఎక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు. తండా నుంచి వచ్చిన చెల్లెలు, వాళ్ల నాన్న పుణెలో భవనాల పని చేసి పంపే డబ్బుతో తాను చదువుతున్నానని చెప్పింది. రెండూ నిజాలే. ఒకటి విన్నంత మాత్రాన రెండోది అబద్ధం కాలేదు.

జాబితా సంగతి ఆ రాత్రి తేలలేదు, తేల్చడం మన చేతిలోనూ లేదు. తేలనిదాన్ని తేలలేదనే మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. సంఘం పేరుతో ఎవరూ ఏ పక్షానా ప్రకటన ఇవ్వకూడదని, నోట్సు పంచుకోవడం, సహాయ నిధి ఆగకూడదని మాత్రం ఒప్పుకున్నాం. ఇద్దరు మిత్రులు ఆ తర్వాత రాలేదు. ఒకరు మళ్లీ వచ్చారు, ఈ హాల్లోనే ఉన్నారు.

2020 ఏప్రిల్ 22న, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో 3ను సుప్రీంకోర్టు కొట్టివేసింది. లాక్‌డౌన్‌లో ఎవరి ఊళ్లో వాళ్లం ఉన్నాం, కొందరు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. అయినా ఒక్క ఉత్తరం మీద అన్ని తెగల సంతకాలూ పడ్డాయి. ఆ డాబా మీద కూర్చోకపోయి ఉంటే నాలుగు ఉత్తరాలు పోయేవని మా నమ్మకం.

ఇది అడవి బిడ్డల ముచ్చట మాత్రమే అనుకోకండి. 2011లో డర్బన్ వాతావరణ సదస్సులో చర్చలు చిక్కుబడినప్పుడు దక్షిణాఫ్రికా ‘ఇండాబా’ అనే తమ పెద్దల కూర్చోవడాన్ని ముందుకు తెచ్చింది. 2015లో పారిస్‌లోనూ దాన్నే వాడారు. దేశాల ప్రతినిధులు చేయగలిగింది అశోక్‌నగర్ గదుల్లో మనం చేయలేమా?

మరి మనకేమో కూర్చోవడానికి కష్టం వచ్చిపడాలి. పరీక్ష నోటిఫికేషన్ పడితే ఆరు నెలలు ఎవరూ కనపడరు. అందుకే కష్టం లేనప్పుడే కూర్చోవాలని కమిటీ నిర్ణయించింది. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం అయిదింటికి, అదే డాబా మీద. విషయాలు రెండే: సహాయ నిధి లెక్క, కొత్తగా వచ్చిన చెల్లెళ్లకు నారాయణగూడ వైపు హాస్టల్ చూడటం. కుర్చీలుండవు, చాపలు తెచ్చుకోండి. బకెట్ మేం తెస్తాం.

రామ్ రామ్.