ఫ్యాక్టరీలో స్కానింగ్‌కు ముందు

ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో ఏయే పరికరాలున్నాయో తెలియకపోతే వాటిని కాపాడలేం. అలాగని ఆఫీసు కంప్యూటర్లను స్కాన్ చేసినట్టు ఇక్కడా చేస్తే ప్రమాదం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శకాల్లో ఒక సంఘటన చెప్పింది: పరికరాలు స్పందిస్తున్నాయో లేదో చూసే మామూలు పింగ్ స్కాన్ నడుస్తుండగా, ఆగి ఉన్న 9 అడుగుల రోబో చెయ్యి ఒక్కసారిగా 180 డిగ్రీలు తిరిగింది. గదిలో ఉన్న మనిషి దానికి అందేంత దూరంలో లేడు కాబట్టి సరిపోయింది. మరోచోట ఇలాంటి స్కాన్‌తోనే చిప్పుల తయారీ స్తంభించి 50,000 డాలర్ల సరుకు పాడైంది. పాత కంట్రోలర్లు చాలావరకు ఊహించని ప్రశ్నలను తట్టుకోలేవు. కాబట్టి ముందు నెట్‌వర్క్ స్విచ్ గుండా వెళ్లే సమాచారానికి నకలు తీసి గమనించండి. మోడ్‌బస్ వంటి పారిశ్రామిక ప్రోటోకాళ్లలో సాగే సంభాషణలను బట్టే చాలా పరికరాలు బయటపడతాయి. మిగిలినవాటిని ప్లాంటు ఆపిన రోజునే, ఇంజనీర్లు పక్కనుండగా, ఒక్కొక్కటిగా పలకరించండి.