కోరంగి వాళ్ళు వెళ్ళిన దేశం



పోయిన వారం పటం చూస్తుంటే ఒక పెద్దమ్మ "ఈ సముద్రం అవతల ఏముంది బాబూ?" అని అడిగింది. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ఈ రోజు ఒక చిన్న దేశం గురించి చెప్తాను. దాని పేరు మారిషస్.

పటంలో ఆఫ్రికా ఖండం చూడండి. పక్కనే మడగాస్కర్ అనే పెద్ద దీవి. దానికి తూర్పున, హిందూ మహాసముద్రంలో ఆవగింజంత చుక్క ఉంది. అదే మారిషస్. అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవి. దేశం మొత్తం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. హైదరాబాదు తప్ప మన పాత జిల్లాల్లో ఏది తీసుకున్నా ఇంతకంటే పెద్దదే! జనం 12 లక్షల పైచిలుకు. రాజధాని పోర్టు లూయిస్.

ఒకప్పుడు అక్కడ మనుషులే లేరు. డోడో అనే ఎగరలేని పెద్ద పక్షి ఉండేది. 1638లో డచ్చి వాళ్ళు వచ్చి కాపురం పెట్టారు. ఆ నూరేళ్ళు నిండకముందే డోడో ఒక్కటి కూడా మిగల్లేదు. తర్వాత ఫ్రెంచి వాళ్ళు, 1810లో ఇంగ్లీషు వాళ్ళు వచ్చారు. ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చి చెరకు తోటల్లో పని చేయించారు. 1835లో బానిసత్వం రద్దయింది. మరి చెరకు నరికేదెవరు? దొరల చూపు మన దేశం మీద పడింది.

1834 నుంచి ఓడలు మొదలయ్యాయి. సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది బీహారు వైపు వాళ్ళు. మన తెలుగు వాళ్ళు గోదావరి దగ్గరి కోరంగి రేవులో కూడా ఓడ ఎక్కారు. అందుకే అక్కడ వాళ్ళకు 'కోరంగి వాళ్ళు' అని పేరు వచ్చింది.

ఐదేళ్ళ ఒప్పందం. నెలకు ఐదు రూపాయలు, తిండి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత! ఇదెక్కడి లెక్క? ఆ కాగితంలో ఏముందో చదవగలిగిన వాళ్ళు ఎంతమంది? అక్కడ రాయి తిరగేస్తే బంగారం దొరుకుతుందని ఆశ పెట్టారని చెప్పుకుంటారు. రాళ్ళు మాత్రం నిజంగానే ఉన్నాయి. చెరకు పొలాల్లో వాళ్ళు ఏరి పోసిన రాళ్ళ కుప్పలు నేటికీ కనిపిస్తాయి.

1968 మార్చి 12న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. శివసాగర్ రామ్‌గులాం మొదటి ప్రధాని. ఆయన తండ్రి కూడా అట్లా వెళ్ళిన కూలీయే. ఒకప్పుడు పంచదార ఒక్కటే ఆధారం. తర్వాత బట్టల మిల్లులు, యాత్రికుల రాకపోకలు, బ్యాంకులు పెరిగాయి.

ఇళ్ళల్లో క్రియోల్ భాష మాట్లాడతారు. పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో వస్తాయి. తెలుగు వాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటం రాదు. అయినా బడిలో తెలుగు నేర్పుతారు. సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, రామభజన చేస్తారు. ఉగాదికి దేశమంతా సెలవు! 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

ఓడ దిగినవాళ్ళు పోర్టు లూయిస్ రేవులో 16 మెట్లు ఎక్కేవారు. ఆ చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. అక్కడ గుమాస్తా ప్రతి ఒక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు రిజిస్టరులో రాసేవాడు. చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాశాడు. అప్పడు, అప్పన్న అనే మన పేర్లు ఇప్పుడు అక్కడ ఇంటిపేర్లు. ముత్తాతది ఏ ఊరో తెలుసుకోవాలని మునిమనవలు ఆ రిజిస్టర్లు వెతికిస్తుంటారు. ఊరి పేరు దొరుకుతుంది. అది రాసిన తీరు చూస్తే ఏ ఊరో ఒక్కోసారి పోల్చుకోలేరు.

సరే, పటం దగ్గరికి రండి. పెద్దమ్మా, ముందు నువ్వు రా. కోరంగి ఎక్కడుందో వేలు పెట్టి చూపించు.