బస్సులో ఒక సీటు



మొన్న జనవరిలో మా హాస్టల్ పిల్లల్ని ఒకరోజు విజ్ఞాన యాత్రకు తీసుకెళ్లాం. వాళ్ల దగ్గర పైసా తీసుకోలేదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, టెక్కలి దగ్గర తేలినీలాపురం, నౌపడ ఉప్పు మళ్లు, చివరికి భావనపాడు సముద్రం.

తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వానలు తగ్గాక వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటి జోలికి పోరు. అక్కడ ఒకాయన ఓపిగ్గా వివరించారు, అంతా పుస్తకం తెలుగులో. మన సవర పిల్లలు తలూపారు. ఒక్క ప్రశ్న లేదు. ఫొటోలు మాత్రం బోలెడు! సిగ్గుపడుతున్నారనుకున్నాను. నాది జాతాపు ఇల్లు, సవర రాదు. బి.ఇడి. చదివినా ఆ సంగతి తట్టలేదు.

ఉప్పు మళ్ల దగ్గర మా వంటామె సవరలో రెండు మాటలు చెప్పిందో లేదో, ఆరో తరగతి పిల్ల అడిగింది: "ఇక్కడ ఉప్పు ఇంత ఉంటే, మా తాత గంపెడు చింతపండు ఇచ్చి కొంచెం ఉప్పు ఎందుకు తెచ్చుకునేవాడు?"

నా దగ్గర జవాబు లేదు. తిరుగు బస్సులో ఆ మాట మీదే గొడవ, నవ్వులు.

ఈసారి ఒక సీటు ఆపి ఉంచుతాను. సవర మాట్లాడే కాలేజీ పిల్లలు ఎవరైనా రండి. భోజనం మాదే. పక్షుల పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు.